కరెంటు పని నేర్చుకునే తండ్రులకు తోడుందాం
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ముప్పై ఏళ్లుగా బడిలో పాఠాలు చెబుతున్నాం. పదో తరగతి పాసైన పిల్లవాణ్ణి ఏ కోర్సులో చేర్చాలని తండ్రి అడిగితే వెంటనే చెప్పగలం. ఈ మధ్య ఆ తండ్రి తన కోసమే అడుగుతున్నాడు. ధర్మవరంలో మగ్గం మీదో, హిందూపురంలో పట్టు రీలింగ్ దగ్గరో పదిహేనేళ్లు గడిపిన మనిషి. "సార్, నాకు ముప్పై ఆరేళ్లు. ఇప్పుడు కరెంటు పని నేర్చుకుంటే బతుకు గడుస్తుందా?" అంటున్నాడు.

గడుస్తుంది. అయితే పని ఎక్కడుందో తెలిసి నేర్చుకోవాలి.

పెనుకొండ అనగానే అందరికీ ఎర్రమంచి దగ్గరి కియా ఫ్యాక్టరీ గుర్తొస్తుంది. 2019లో అక్కడ కార్ల తయారీ మొదలైంది. రోబోలు, కంట్రోల్ ప్యానెళ్లు ఉన్నచోట ఐటిఐ సర్టిఫికెట్, అప్రెంటిస్‌షిప్ లేకుండా గేటు దాటడం కష్టం. అది మన పిల్లలకు మంచి దారి. వయసు మీరినవారు దానిమీదే ఆశ పెట్టుకోవద్దని మా సలహా. నంబులపూలకుంట సోలార్ పార్కు సంగతీ అంతే. కట్టేటప్పుడు చాలామంది కావాలి, కట్టాక కొద్దిమంది చాలు.

పెద్ద వయసులో నేర్చుకున్నవారికి పని ఊళ్లోనే దొరుకుతుంది. కొత్త ఇళ్ల వైరింగు, ధర్మవరం పవర్‌లూముల మోటార్లు, చిన్న పరిశ్రమల స్టార్టర్లు, పల్లెల్లో బోరు మోటార్లు. వోల్టేజి తగ్గినా, ఒక ఫేజు పోయినా మోటారు కాలుతుంది. పైరు ఎండకముందే రైతుకు మనిషి కావాలి. 2024లో మొదలైన పిఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్ల ఇంటి సోలార్‌కు కేంద్రం 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తోంది. మిద్దెల మీద ప్యానెళ్లు బిగించడం నేర్చినవారికి అదొక అదనపు ఆదాయం.

ఇక చదువు. ఐటిఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండేళ్లు, పదో తరగతి పాసై ఉండాలి. వైర్‌మన్ ట్రేడు కూడా రెండేళ్లే, ఎనిమిదో తరగతి చాలు. మన మగ్గం కార్మికుల్లో చాలామందికి ఈ రెండోదే అందుబాటులో ఉంటుంది. దాని తర్వాత పర్మిట్. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి మార్చడం లాంటివి తప్పిస్తే, వైరింగు పని లైసెన్సున్న కాంట్రాక్టరు ద్వారా, అర్హత పత్రం ఉన్నవారి పర్యవేక్షణలోనే జరగాలని నిబంధన. "చేతిలో పని ఉంటే కాగితమెందుకు సార్?" అని అడుగుతారు. దానికి జవాబుగా ఒక సంగతి చెబుతాం.

మా దగ్గర చదివిన ఒక అబ్బాయి పదో తరగతి తప్పి, మేస్త్రీ వెంట తిరిగి పని నేర్చాడు. చురుకైనవాడు. ఒకరోజు కరెంటు పోయి ఉంది కదా అని ఒక ఇంట్లో మెయిన్ ఆపకుండానే వైర్లు పట్టుకున్నాడు. టెస్టర్ పెట్టి చూడలేదు. పని మధ్యలో కరెంటు వచ్చింది. ప్రాణం దక్కింది గానీ కుడిచేతికి మూడు వేళ్లే పనిచేస్తున్నాయి. మెయిన్ ఆపడం, టెస్టర్‌తో చూడడం, ఎర్త్ సరిచూడడం. క్లాసులో మొదట నేర్పేవి ఇవే. అతనికి నేర్పినవారు లేరు. ఆ తప్పులో మాకూ వాటా ఉంది. తప్పిన పిల్లవాణ్ణి వెతికి ఐటిఐ దాకా తీసుకెళ్లి ఉండాల్సింది.

అందుకే ఈ సొసైటీని ఒకటి కోరుతున్నాం. పిల్లల ఫీజులు కడుతున్నారు, చాలా సంతోషం. కానీ తండ్రి రెండేళ్లు చదువుకు కూర్చుంటే ఇంట్లో పొయ్యి వెలిగేదెలా? చాలామంది వెనకాడేది ఫీజుకు కాదు, ఆ పూట కూలికి. ఏడాదికి నలుగురైదుగురిని ఎంపిక చేసి, చదువు పూర్తయ్యేదాకా వారి ఇళ్లకు నెలసరి సరుకులు అందించండి. కోర్సు అయ్యాక మెగ్గర్, డ్రిల్లింగ్ మిషన్, సేఫ్టీ బెల్టు కొనుక్కోవడానికి ఖర్జె హసన్‌గా డబ్బు ఇవ్వండి. వాళ్లు తిరిగి కట్టిన డబ్బు వచ్చే ఏడాది మరొకరికి పనికొస్తుంది.

సాయంత్రం పూట లెక్కలు, సైన్సు చెప్పడానికి మా ఉపాధ్యాయులం ముగ్గురం సిద్ధంగా ఉన్నాం. దానికి రుసుము లేదు. పేరు రాయించుకోవాలనుకునేవారు సభ అయ్యాక మమ్మల్ని కలవండి. వయసు అడగం.