మానకూడని గాయం

కంటివైద్యంలో పట్టాలు పుచ్చుకున్న మీ అందరికీ అభినందనలు.

నీటికాసుల ఆపరేషన్ అయిన పది రోజులకు ఒక పెద్దావిడ వచ్చి, "గాయం మానిందాండీ?" అని అడుగుతుంది. అలవాటుకొద్దీ "బాగా మానిందమ్మా" అనేస్తాం. మన నీటికాసుల విభాగంలో అంతకన్నా చేదు కబురు లేదు. శుక్లాలు తీసిన కంట్లో గాయం మానితే పనైపోయినట్టు. మన దగ్గర పూర్తిగా మానిందంటే పని చెడినట్టు.

1968లో కెయిర్న్స్ అనే కంటివైద్యుడు ట్రాబెక్యులెక్టమీ గురించి రాశాడు. తెల్లగుడ్డులో చిన్న తలుపు కోసి, లోపలి నీటిని పైపొర కిందికి వదిలి ప్రెషర్ తగ్గించడమే ఆ ఆపరేషన్. అక్కడ లేచే బుడిపె బ్లెబ్. ఇంతకీ ఆ నీరెంత? నిమిషానికి సుమారు రెండున్నర మైక్రోలీటర్లు. ఒక్క చుక్క పోగవడానికి ఇరవై నిమిషాలు. అంత సన్నటి ధార నడిచే దారిని ఒళ్ళు గాయమనుకుని పూడ్చేస్తుంది. అందుకే ఆపరేషన్ బల్ల మీదే మైటోమైసిన్ పెడతాం, తర్వాత వారాల తరబడి స్టెరాయిడ్ చుక్కలు వేయిస్తాం. ఎరుపు తగ్గిందని చుక్కలు ఆపేసిన వాళ్ళను కసరకండి. పోయిన చూపు ఈ ఆపరేషన్‌తో తిరిగి రాదు, ఉన్నది నిలబడితే చాలు. ఆ సంగతి వాళ్ళకు ఎవరైనా విడమరిచి చెప్పారా?

నా తప్పు ఒకటి చెబుతాను. ఓసారి ఒకావిడ కంటిని స్లిట్‌ల్యాంప్‌లో చూస్తే బ్లెబ్ ఎత్తుగా, నిండుగా ఉంది. మురిసిపోయి "బాగుంది" అని రాసేశాను. కంటి ప్రెషర్ మాత్రం 28, ఎక్కువే. ఆమె రెప్పలు బిగించిందిలే అని సర్దిచెప్పుకున్నాను. రెండు వారాల తర్వాత కూడా అంతే ఉంది.

అప్పుడు ఓసీటీ, అంటే కాంతితో లోపలి పొరలను చూపే స్కాన్, తీయించాను. 1991లో రెటీనా చూపించిన ఈ పద్ధతి 1994కల్లా కంటి ముందుభాగానికీ వచ్చింది. 1310 నానోమీటర్ల కాంతి తెల్లగుడ్డులోకి లోతుగా దిగుతుంది, కంటిని ముట్టుకోదు. అదే అల్ట్రాసౌండ్ బయోమైక్రోస్కోపీ అయితే కంటి మీద నీళ్ళ గిన్నె నిలపాలి. పచ్చి గాయం మీద ఆ పని ఎవరు చేస్తారు?

తెర మీద ఒకే నల్లటి గది, చుట్టూ మందపాటి తెల్లగోడ. నా పక్కనే కూర్చున్న ఆవిడ తొంగిచూసి, "లోపలంతా డొల్లే, పూరీ పొంగినట్టుంది" అంది. నేను ఇన్నేళ్ళ చదువుతో చూడనిది అదే. నీరు గదిలో నిలిచిపోయింది, గోడ దాటడం లేదు. మనకు కావాల్సింది దిబ్బరొట్టె. తుంచితే లోపల గుల్లగుల్లగా, పొరపొరకీ సందులుండాలి. మంచి బ్లెబ్ గోడ ఓసీటీలో అలాగే కనిపిస్తుంది, పల్చటి బూడిదరంగులో నల్లటి గీతలు గీసినట్టు. సూదితో ఆవిడ బ్లెబ్ గోడను చీల్చి, మళ్ళీ పూడకుండా ఫైవ్ ఎఫ్‌యూ మందు ఇచ్చాం.

రేపట్నుంచి ఈ ఫొటోలు తీసేది మీరే. రోగిని కిందికి చూడమని, పైరెప్పను కనుబొమ ఎముక మీదికి ఎత్తి పట్టుకోండి. బొటనవేలు బ్లెబ్ మీద ఆనిందో, నీరు పక్కకు జరిగి బొమ్మ అబద్ధం చెబుతుంది. ప్రతిసారీ అదే చోట, అదే చూపులో తీయండి, లేకపోతే రెండు బొమ్మలకు పోలికే కుదరదు. నీరు బయటికి కారుతోందా అన్నది ఓసీటీని అడగొద్దు. దానికి ఫ్లోరెసిన్ పట్టీ, నీలికాంతి ఉన్నాయి, అరనిమిషం పని.

ఆవిడ మొన్న మళ్ళీ వచ్చింది. ఇప్పుడు గోడలో నల్లగీతలున్నాయి. "మానలేదుగా?" అని తనే అడిగింది. లేదన్నాను. కొంగు సర్దుకుని, బస్సు టైమైందంటూ లేచింది.