కాదన్న మాట ఎదురుగా చెప్పండి

  పట్టాలు అందుకున్న పిల్లలూ, నేరుగా విషయంలోకి వస్తాను.

నేను గణాంకశాస్త్రం చదువుకుని అమెరికా వెళ్లి, ఒక బేస్‌బాల్ క్లబ్ ఆఫీసులో చాలా ఏళ్లు పనిచేశాను. జనరల్ మేనేజర్‌కు లెక్కలు తయారుచేసి ఇవ్వడం నా పని. క్రికెట్ చూసి పెరిగిన మనకు ఈ పదవి కొత్త. ఆట జరిగేటప్పుడు ఎవర్ని దింపాలో చెప్పేది మేనేజర్. జనరల్ మేనేజర్ ఉండేది ఆఫీసులో. జట్టులో ఎవరుండాలి, ఎవరికెంత జీతం, ఎవర్నిచ్చి ఎవర్ని తెచ్చుకోవాలి అన్నవి ఆయన తేలుస్తాడు. కొత్త ఆటగాడికి జెర్సీ అందిస్తూ ఫొటో దిగే జనరల్ మేనేజర్‌ని పేపర్లో చూస్తాం. ఆ ఫొటోకి ముందు జరిగేది ఎవరికీ కనిపించదు. ఆడే జాబితాలో 26 మంది, దాన్ని కలుపుకొని క్లబ్ అట్టిపెట్టుకునే పెద్ద జాబితాలో 40 మంది. ఆ 40 నిండాక ఒకర్ని తేవాలంటే ఒకర్ని తీసేయాల్సిందే. ఏటా డ్రాఫ్ట్‌లో 30 క్లబ్బులు 20 రౌండ్లలో ఆరువందల మంది దాకా కుర్రాళ్లను ఎంచుకుంటాయి. వాళ్లలో మేజర్ లీగ్ దాకా వెళ్లేది కొద్దిమందే. మిగతావాళ్లకు ఏదో ఒక రోజు ఎవరో ఒకరు ‘ఇక్కడితో ఆపేద్దాం’ అని చెప్పాలి.

ఒక మార్చి నెలలో, శిక్షణ శిబిరం చివరి రోజుల్లో, మా క్లబ్ ఒక కుర్ర క్యాచర్‌ని, అంటే మన వికెట్ కీపర్ లాంటివాణ్ని, వదులుకుంది. బ్యాటర్ కొట్టకుండానే రెండో బేస్‌కు దొంగ పరుగు తీసేవాణ్ని పట్టాలంటే, క్యాచర్ బంతి అందుకున్నప్పటి నుంచి సుమారు రెండు సెకన్లలో అది ఆ బేస్‌కు చేరాలి. ఈ అబ్బాయికి అంతకంటే ఎక్కువ పడుతోంది. ఆ లెక్క వేసింది నేనే. కబురు కోచ్‌తో పంపవచ్చు, ఫోన్లో చెప్పవచ్చు. మా జనరల్ మేనేజర్ అతన్ని గదికి పిలిచి, లేచి నిలబడి, మొదటి వాక్యంలోనే నిర్ణయం చెప్పేశారు. డొంకతిరుగుడు లేదు. ‘నాలో ఏం తక్కువైంది సార్?’ అన్నాడు అబ్బాయి. ఏం తక్కువో చెప్పారు, ఏం బాగుందో కూడా చెప్పారు. క్యాచర్ అవసరమున్న ఇంకో క్లబ్‌కి అప్పటికే ఫోన్ చేసి ఉంచారు. అబ్బాయి ఏడ్చాడు. ఆయన కదల్లేదు, గడియారం చూడలేదు. నా ఉద్యోగంలో నేను చూసిన గొప్ప పని అదే. ఏ ట్రోఫీ దానికి సాటి రాదు.

మాట సరిగ్గా చెప్పకపోతే ఏమవుతుందో కూడా ఆ లోకమే చూపించింది. మూడేళ్ల నుంచి ఆరేళ్ల అనుభవమున్న ఆటగాడికీ క్లబ్‌కీ జీతం దగ్గర కుదరకపోతే ముగ్గురు మధ్యవర్తుల ముందు విచారణ జరుగుతుంది. ఇరుపక్షాలూ చెరొక అంకె ఇస్తాయి. మధ్యవర్తులు ఆ రెండింట్లో ఒకటి ఎంచుకోవాలి, మధ్యే మార్గం లేదు. రెండింట్లో ఒకటే అన్న ఈ నియమం 1974 నుంచి ఉంది. అంటే ఆటగాడు ఎదురుగా కూర్చుని ఉండగా, ఇతనికి ఇంత విలువ లేదని అతని క్లబ్బే వాదించాలి. 2023లో మిల్వాకీ పిచర్ కార్బిన్ బర్న్స్ కోటి 7 లక్షల 50 వేల డాలర్లు అడిగాడు, క్లబ్ కోటి 10 వేలు ఇస్తానంది. క్లబ్ గెలిచింది. ఆ గదిలో విన్న మాటలు మనసు విరిచాయని బర్న్స్ బాహాటంగానే అన్నాడు. మరుసటి ఏడాది క్లబ్ అతన్ని బాల్టిమోర్‌కి ఇచ్చేసింది. తేడా 7 లక్షల 40 వేల డాలర్లు. ఆ మాటల ఖరీదు అంతకంటే చాలా ఎక్కువని నా అభిప్రాయం.

మీలో ఆడపిల్లలు ముఖ్యంగా కిమ్ ఆంగ్ గురించి తెలుసుకోవాలి. షికాగో విశ్వవిద్యాలయంలో చదివి, వైట్ సాక్స్ క్లబ్‌లో ఇంటర్న్‌గా చేరింది. అలాంటి జీతాల విచారణలో క్లబ్ తరఫున వాదించిన తొలి మహిళ ఆమే. గెలిచింది కూడా. 29 ఏళ్లకే యాంకీస్‌కు అసిస్టెంట్ జనరల్ మేనేజర్. పెద్ద పదవికి 2005లో డాడ్జర్స్ ఇంటర్వ్యూ చేసి వేరొకరికి ఇచ్చారు. ఆ వచ్చిన మనిషి కిందే ఆమె డాడ్జర్స్‌లో ఏళ్లపాటు పనిచేసింది! తర్వాత ఇంకొన్ని క్లబ్బులూ కాదన్నాయి. 2020 నవంబరులో మయామి మార్లిన్స్ అవునన్నప్పుడు ఆమెకు 52 నిండబోతున్నాయి. మేజర్ లీగ్‌లో తొలి మహిళా జనరల్ మేనేజర్. 2023లో ఆ జట్టు 84 ఆటలు గెలిచి ప్లేఆఫ్స్‌కి వెళ్లింది. ఆ సీజన్ అయ్యాక, తన పైన ఇంకొకర్ని నియమించాలని యాజమాన్యం అనుకుంటే ఆమె కొనసాగలేదు. అన్నిసార్లు కాదనిపించుకున్న మనిషి, తను కాదనవలసిన చోట కాదని చెప్పి బయటికి నడిచింది.

ఇప్పుడు మిమ్మల్ని కాస్త కోప్పడతాను, ఏమీ అనుకోకండి. మీరు కోడ్ రాస్తారు, నిమిషంలో గ్రాఫ్ గీస్తారు, కానీ ‘కుదరదండీ’ అన్న ఒక్క మాట ఎదుటి మనిషికి చెప్పలేరు. ఆఫర్ లెటర్ తీసుకుంటారు, సరేనంటారు, చేరాల్సిన రోజున ఫోన్ స్విచ్ఛాఫ్! పెళ్లి సంబంధం నచ్చకపోతే ఫొటో చూసి ఊరుకుంటారు, అవతల ఒక ఇల్లు వారాల తరబడి ఎదురుచూస్తుంది. నాలుగేళ్లు పోతే మీరే టీమ్ లీడ్లు. మీ కింద పనిచేసే కుర్రాణ్ని తీసేయాల్సి వస్తే ఏం చేస్తారు? అర్ధరాత్రి ఈమెయిల్ పంపి పొద్దున అతని లాగిన్ ఆపేస్తారా? మంచివాళ్లే, మనసున్నవాళ్లే ఇలా చేస్తారు. ఎదుటివాడి కన్నీళ్లు చూడలేక చేస్తారు. అది దయ కాదు నాన్నా. మన ఇబ్బందిని వాడి నెత్తిన పెట్టడం.

మీలో రెండు ఆఫర్ లెటర్లు చేతిలో ఉన్నవాళ్లు కొందరు ఉంటారు. భోజనాలయ్యాక, వదులుకోదలచిన కంపెనీకి ఫోన్ చేయండి. మీకు ఇంటర్వ్యూ చేసినవారి పేరు అడిగి, వారితోనే మాట్లాడండి. రావడం లేదని ముందు చెప్పండి, కారణం అడిగితే ఉన్నదే చెప్పండి. మీ తర్వాత వరుసలో ఉన్న కుర్రాడికి ఆ సీటు ఇవ్వడానికి వాళ్లకు ఇంకా టైముంది.