పైనుంచి చూస్తే మెట్లు కనబడవు
(కలకడ పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)

డి.ఏ. బకాయిల సంగతి ముందు మాట్లాడిన మిత్రులు వివరముగా చెప్పినారు గనుక నేను వేరే విషయము ఎత్తుకుంటాను. డ్రోను గురించి. నవ్వకండి. వేసవి విహారయాత్రకు హోటలు చూసే పని సంఘము నాకు అప్పగించినది. ఈ రోజుల్లో హోటలు చూడడమంటే డ్రోను తీసిన వీడియో చూడడమే.

పోయిన మార్గశిరంలో మా పెండ్లి అయి యాభై ఏండ్లు నిండినాయి. మా మనవడు ఫోనులో ఒక హోటలు చూపించినాడు. ఊరు పేరు, హోటలు పేరు చెప్పను, వాళ్ల పొట్ట కొట్టడం నా ఉద్దేశము కాదు. వీడియోలో కెమెరా ఒక చెట్టు చాటు నుంచి మెల్లగా పైకి లేచింది. కొండ, పొగమంచు, ఎర్ర పెంకుల గదులు, నీలంగా ఈత కొలను. "అవ్వా, నీకు ఆ చివరి గది" అన్నాడు వాడు. ఆమె మొగము వెలిగిపోయింది. ఆ రోజే డబ్బు కట్టేసినాను.

తీరా పోతే కారు ఆగే చోటు నుంచి ఆ గదికి 64 మెట్లు. ఆమెకు మోకాలి ఆపరేషను జరిగి రెండేండ్లే అయింది. పన్నెండో మెట్టు మీద కూర్చొని, "ఆకాశంలో నుంచి దిగేవాళ్లకు కట్టినారా ఈ హోటలు?" అనింది. పాపం, అక్కడి పిల్లవాడు కుర్చీ తెచ్చి, కింద వంటగది పక్కన ఒక గది సర్దినాడు. రెండు రోజులు తాళింపు వాసనలో గడిచినాయి. ఏ లోయ కోసం పోయినామో ఆ లోయ ఆమె చూడనే లేదు. నేను ఒక్కణ్ణే ఎక్కి చూసి వచ్చి, "పెద్దగా ఏమీ లేదులే" అని అబద్ధం చెప్పినాను.

తరువాత ఆలోచిస్తే నా బుద్ధికే సిగ్గేసింది. 33 ఏండ్లు రెవెన్యూలో ఎఫ్.ఎం.బి.లు, గ్రామ నక్షాలు తిరగేసిన వాణ్ణి. నక్షాలో కొండ మీది నంబరు, చెరువు కింద నంబరు ఒకే మాదిరి చదునుగా ఉంటాయి. డ్రోనుదీ అదే కథ. నెత్తి మీద నుంచి చూస్తే మెట్లు నేల మీద గీసిన గీతల్లాగా ఉంటాయి, ఏటవాలు అణిగిపోతుంది. పైగా వెడల్పు చూపే అద్దము ఉంటే చిన్న తొట్టి కూడా కొలను అవుతుంది. పొద్దు పొడిచే వేళ తీస్తే పాత గోడ బంగారమవుతుంది. ఒక్క బ్యాటరీతో ఇరవై, ముప్పై నిమిషాలు ఎగిరి తీసిన దాంట్లో మనకు చూపేది అర నిమిషము. అందులో అబద్ధము లేదు, కానీ మన మోకాళ్లకు కావలసిన నిజము కూడా లేదు.

అట్లని డ్రోనును తిట్టను. కడప కలెక్టరు హార్స్‌లీ దొర పేరు మీద వెలసిన హార్స్‌లీ కొండ ఉంది కదా (1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు మదనపల్లె కడప జిల్లాలోనే ఉండేది). 4,000 అడుగులు పైబడిన ఆ కొండకు ఉద్యోగములో ఉండగా దొరవార్ల క్యాంపులకు ఫైళ్లు మోసుకొని ఎన్నిసార్లు పోయినానో. గాలిబండ మీద నిలబడి కింది పల్లెలు చూసినాను గానీ, ఆ బండ లోయ వైపు నుంచి ఎట్లుంటుందో డెబ్బై దాటినాక డ్రోను వీడియోలోనే చూసినాను. మా ఆవిడ అయితే ఆ బండ దాకా నడవలేక ఎప్పుడూ కారులోనే కూర్చునేది. ఆ వీడియో మూడుసార్లు పెట్టించుకొని, "ఇన్నాళ్లూ మీరు ఇక్కడ నిలబడేవాళ్లా? అంచుకు అంత దగ్గరగానా?" అని ఇప్పుడు కోప్పడింది.

మనవలు డ్రోను కొంటామంటే ఒక మాట చెప్పండి. 2021 డ్రోన్ రూల్సు ప్రకారము ఆకుపచ్చ మండలంలో కూడా 400 అడుగుల పైకి అనుమతి లేకుండా పోరాదు. 250 గ్రాములు దాటిన డ్రోనుతో కిరాయికి తీసేవారికి పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. తిరుమల ఆలయము మీద నుంచి తీసిన వీడియో 2023 జనవరిలో బయటికి వచ్చి ఎంత గొడవ అయినదో మీరెరుగుదురు.

ఇక అసలు పని. ఈసారి మూడు హోటళ్లకు ఫోను చేసి, "మీ డ్రోను వీడియో చూసినాము, చాలా బాగుంది. కారు దిగిన చోటు నుంచి గది తలుపు దాకా, తరువాత స్నానాల గది దాకా నడుస్తూ ఫోనుతో తీసి పంపండి" అని అడిగినాను. ఒకరు నవ్వినారు. ఒకరు మళ్లీ డ్రోనుదే పంపినారు. మూడో చోట ఒక అమ్మాయి నడుస్తూ తీసి పంపింది. చేయి వణికింది, మధ్యలో కుక్క అడ్డం వచ్చింది. మెట్లు తొమ్మిది, పట్టుకునేదానికి కమ్మీ ఉంది, కమోడు ఉంది. మా ఆవిడ కళ్లద్దాలు పెట్టుకొని తానే లెక్కబెట్టి, "సరే, పోదాం" అనింది.

వచ్చేవారు ఈ నెల 15వ తేదీ లోపల కార్యదర్శి గారి దగ్గర పేర్లు ఇవ్వండి. మెట్లు ఎక్కలేనివారు ఆ సంగతి పేరు పక్కనే రాయండి, మొహమాటము వద్దు. కింది గదులు నాలుగే ఉన్నాయి. అందులో ఒకటి నేను ముందే రాసేసుకున్నాను, క్షమించాలి.