మందులు పనిచేయడం మానేస్తే? | యాంటీబయాటిక్ రెసిస్టెన్స్

వీడియో మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని. మీ ఇంట్లో మందుల డబ్బా తీసి, స్ట్రిప్‌లు ఒక్కోటీ తిప్పి చూడండి. నిలువుగా ఎర్ర గీత ఉందా? డాక్టర్ చీటీ లేకుండా అది వేసుకోకూడదని అర్థం. యాంటీబయాటిక్స్ మీద ఆ గీత ఉంటుంది.

నేను జాబ్ చేసే రోజుల్లో ఆ గీత ఎప్పుడూ చూడలేదు. జలుబు చేస్తే చాలు, మెడికల్ షాప్‌కెళ్లి "అన్నా, అజిత్రోమైసిన్ ఇవ్వు" అనేవాణ్ణి. రెండు రోజులు వేసుకుని, కాస్త తగ్గగానే ఆపేసేవాణ్ణి. మిగిలినవి డ్రాయర్‌లోకి. అసలు జలుబు వచ్చేది వైరస్ వల్ల. యాంటీబయాటిక్ వైరస్‌ని ఏమీ చేయలేదు. జలుబు దానంతటదే తగ్గేది, నేనేమో క్రెడిట్ టాబ్లెట్‌కి ఇచ్చేవాణ్ణి!

పోయినేడాది మా నానమ్మకి యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చింది. మొదట రాసిన టాబ్లెట్లు పనిచేయలేదు. జ్వరం దిగట్లేదు, మనిషి మాట తడబడుతోంది. అప్పుడు కల్చర్ టెస్ట్ చేయించాం. ఆ రిపోర్ట్‌లో మందుల పేర్లు వరసగా ఉంటాయి, పక్కన 'ఎస్' అంటే పనిచేస్తుంది, 'ఆర్' అంటే రెసిస్టెంట్, పనిచేయదు. పేజీ నిండా ఆర్‌లే. వేలు పెట్టి ఒక్కో లైనూ కిందికి చూసుకుంటూ వెళ్లా. చివర్లో దొరికింది ఒక ఎస్, అదీ ఇంజెక్షన్. దాంతోనే బతికింది మా నానమ్మ.

"నా బాడీకి ఆ మందు అలవాటైపోయింది" అంటుంటారు కదా, అలవాటు పడేది బాడీ కాదండీ, బ్యాక్టీరియా. మందు పడగానే బలహీనమైనవి చస్తాయి. తట్టుకున్న ఒకటీ అరా మిగిలి, అవే పెరుగుతాయి. పైగా ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ ముక్క ద్వారా ఆ జీన్‌ని వేరే జాతి బ్యాక్టీరియాకి కూడా పంపించేస్తాయి. మేం ఆఫీసులో కోడ్ కాపీ పేస్ట్ చేసినట్టే.

పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ ఈ ప్రమాదం గురించి 1945లో, నోబెల్ ప్రసంగంలోనే హెచ్చరించాడు. 2019 వచ్చేసరికి ఒక్క ఏడాదిలో దాదాపు 12.7 లక్షల మరణాలకి రెసిస్టెన్సే నేరుగా కారణమని లాన్సెట్ జర్నల్‌లో వచ్చిన అంచనా.

మరి తప్పంతా మనదేనా? కాదు. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు తెలుసుగా. అక్కడ మందుల కంపెనీల మురుగు శుద్ధి చేసే ప్లాంట్ నుంచి బయటికొచ్చే నీళ్లని స్వీడన్ సైంటిస్టులు టెస్ట్ చేసి, 2007లో పబ్లిష్ చేశారు. సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు వాడే పేషెంట్ రక్తంలో కూడా అంత ఉండదు! అది శుద్ధి చేశాక వదిలిన నీళ్లండీ.

కంపెనీల సంగతి మన చేతిలో లేదు, డ్రాయర్ ఉంది. డాక్టర్ రాస్తే ఆయన చెప్పిన డోసు, చెప్పినన్ని రోజులు వేసుకోండి. మిగిలింది తమ్ముడికో ఫ్రెండ్‌కో ఇవ్వకండి.

సరే, మీ డబ్బాలో ఎర్ర గీత స్ట్రిప్‌లు ఎన్ని దొరికాయో కామెంట్‌లో నంబర్ పెట్టండి. నాకైతే మూడు.