నడుమునొప్పియు కీళ్ళనొప్పులును: అర్ధశక్తి నియమము

(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)

  

విద్యానిధిని గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు పెద్దలు ఇదివరకే చక్కగా ప్రసంగించియున్నారు. ముప్పదియైదేండ్లు పాఠశాలలో సంస్కృతాంధ్రములు బోధించిన మేము ఏ కావ్యమును గూర్చియో పలుకుదుమని మీరు తలంచియుందురు. మేము నడుమునొప్పిని గూర్చి చెప్పదలచితిమి. నవ్వకుడు. ఈ పందిరిక్రింద కూర్చుండి, గంటసేపటినుండి ఈ తొడనుండి ఆ తొడకు బరువు మార్చుకొనుచున్న వారెందరో ఈ వేదికమీదినుండి మాకు కనబడుచునే యున్నారు.

మన కులవృత్తి మగ్గము. గుంటమగ్గమున కూర్చున్నవాని దేహస్థితిని ఒక్కమారు తలచుకొనుడు. కాళ్ళు గుంటలో, కూర్చుండుట గుంటయంచున, వీపునకు ఆనిక లేదు, మెడ వంగి చూపు పోగుమీద. ఒక చేత నాడెత్రాడు, ఒక చేత పన్నె. వానకాలమున గుంటలో నీరూరును. ఇట్లు దినమునకు ఎనిమిది పది గంటలు. మగ్గము విడిచి కచేరీలకును, అంగళ్ళకును, గణనయంత్రముల ముందరికిని పోయిన మనవారు తప్పించుకొనిరా? గుంట పోయి కుర్చీ వచ్చినది గాని, వంగిన వీపు వంగినట్లే యున్నది. ఇది మన కులమునకే కలిగిన కష్టమును కాదు. 2020లో ప్రపంచమున సుమారు 61 కోట్ల 90 లక్షలమంది నడుమునొప్పితో బాధపడుచుండిరని విద్వాంసులు లెక్క కట్టియున్నారు.

మా యింట మగ్గము తండ్రిగారిది, ఆసు తల్లిగారిది. ఆసు నెరుగని వారికి చెప్పవలయును. పోచంపల్లి వైపు ముడులు కట్టి రంగు లద్దు చీరను నేయుటకు ముందు, అర్ధచంద్రాకారముగా నిలిపిన మేకులమీదుగా దారమును చేతితో ఇటునుండి అటు, అటునుండి ఇటు పోయవలయును. ఒక చీరకు చేయి సుమారు 9,000 మారులు ఆడును. దినమునకు రెండు చీరలకు పోసిన ఇల్లాలి భుజము 18,000 మారులు కదలును. మా తల్లిగారు ఇరువదియైదేండ్లు ఆసు పోసిరి. కడపటి సంవత్సరములలో ఆమె కుడిచేయి తలవరకు లేవలేదు. కొప్పు ముడుచుటకు పొరుగింటి పెద్దమ్మ రావలసివచ్చెడిది. ఒకనాటి రాత్రి ఆమె మూల్గుచుండగా, కళాశాలలో రఘువంశము చదువుకొనుచున్న మేము, "అమ్మా, కొంచెము మెల్లగా మూల్గు, చదువు సాగుటలేదు" అంటిమి. ఈ మాట నేటివరకు ఏ సభలోను చెప్పలేదు. ఆమె మరునాటినుండి మూల్గుట మానిరి. నొప్పి మానలేదు.

అట్టి మూల్గునే విన్న మరియొక కుమారుడు మాకంటె యోగ్యుడు. ఆలేరు దాపున శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశముగారు తమ తల్లి లక్ష్మిగారి బాధను చూచి సహింపలేక, పెక్కేండ్లు శ్రమించి 1999లో ఆసుయంత్రమును సిద్ధపరచి, దానికి తల్లిపేరే పెట్టిరి. చేతితో నాలుగైదు గంటలు పట్టు పని దానిచే గంటన్నరలో తెమలును. 2017లో భారత ప్రభుత్వము వారిని పద్మశ్రీతో గౌరవించినది. చిన్నతనమున ఆరవ తరగతితోనే బడి మానవలసివచ్చిన ఆయన తల్లి నొప్పికి యంత్రము కల్పించెను. కావ్యములు చదివిన మేము తల్లిని మూల్గవద్దంటిమి.

కర్మఫలము ఆలస్యముగానైనను వచ్చును గదా! నలువదియెనిమిదవ యేట ఒక ఉదయమున నీళ్ళబిందె నెత్తబోగా మాకు నడుము పట్టినది. అప్పుడు మేము వరుసగా మూడు తప్పులు చేసితిమి. అవి మీకు ఉపకరించునేమోయని చెప్పుచున్నాము.

మొదటిది, నెలన్నర మంచము దిగకుండుట. లేచునప్పటికి నొప్పి యథాస్థితిలో నున్నది, కాళ్ళలోని బలము మాత్రము పోయినది. రెండవది, నడుమునకు పట్టీ బిగించి, అదియే మా వెన్నెముక యని నమ్ముట. మూడవది యన్నిటికంటె చెడ్డది. ఒక వైద్యుడు పేరులేని పొట్లములిచ్చెను. మూడు దినములలో నొప్పి మాయమయ్యెను. ఆయనను ధన్వంతరి యని పొగడితిమి. ఆరు నెలలలో మా ముఖము ఉబ్బినది, రక్తములో చక్కెర హెచ్చినది. పట్టణమందలి యొక వైద్యురాలు పరీక్షించి, ఆ పొడిలో స్టెరాయిడు కలిసియుండవలయుననియు, దానిని ఒక్కమారుగా మానుటయు ప్రాణాపాయమేయనియు చెప్పి, కొద్దికొద్దిగా మాన్పించిరి. పేరులేని పొట్లమును నోట వేసికొనవద్దు. ఇప్పటికే వాడుచున్నవారు దానిని దాచక వైద్యునికి చూపవలయును.

మేము వెన్నెముక చిత్రమును చేతబట్టుకొని, "డిస్కు లరిగినవట, ఇక మా పని యైనది" అని యామెతో వాపోతిమి. ఆమె చిరునవ్వుతో, "మాస్టారూ, మీ తల వెండ్రుకలు నెరిసినవి గదా, అవి నొప్పి పెట్టుచున్నవా?" అని యడిగిరి. నొప్పి యేమియు లేనివారి చిత్రములను పరిశీలించిన అధ్యయనముల సమీక్ష యొకటి 2015లో వెలువడినది. అందు ఇరువదియేండ్ల వారిలో నూటికి 37 మందికిని, ఎనుబదియేండ్ల వారిలో నూటికి 96 మందికిని డిస్కుల అరుగుదల కనబడినది. కావున చిత్రములో అరుగుదల కనబడినంతమాత్రమున అదియే నొప్పికి కారణమని నిశ్చయింపరాదు, నిరాశయు పొందరాదు.

మన ప్రాచీనులు ఈ బాధ నెరుగనివారు కారు. చరకసంహిత చికిత్సాస్థానమున 28వ అధ్యాయము వాతవ్యాధులకే యుద్దిష్టము. నడుమునుండి కాలిలోనికి దిగు నొప్పికి, రోగి నడక గ్రద్దనడకను తలపించునని, గృధ్రసి యని పేరిడిరి. మాధవనిదానమున ఆమవాతమునకు ప్రత్యేకాధ్యాయము కలదు. నేటి విజ్ఞానమంతయు వారికి ముందే తెలియునని మేము డంబములు పలుకము. కాని ఒక్కమాట మాత్రము మమ్ము బ్రదికించినది. వ్యాయామమును అర్ధశక్తితో చేయవలయునని సుశ్రుతుడును వాగ్భటుడును విధించిరి. మేము దీనిని పిల్లలకు ఎన్నియో మారులు బోధించితిమి. ఆచరించుటకు నడుము విరుగవలసివచ్చినది.

దీర్ఘకాలపు నొప్పి గలవాడు సాధారణముగా చేయు పొరపాటేమి? నొప్పి తగ్గిన దినమున మూడు దినముల పని చేయును. పిదప మూడు దినములు మంచమెక్కును. ఇట్లు ఏండ్లు గడచుకొలది పని దినములు తగ్గి మంచపు దినములు హెచ్చును. అర్ధశక్తి యనగా మంచి దినమునను చెడ్డ దినమునను ఒకే కొలత. మేము నొప్పి హెచ్చక నడువగల కాలమును గడియారముతో చూచుకొంటిమి, పది నిమిషములైనది. అందులో సగము, ఐదు నిమిషములతో ఆరంభించితిమి. ఉత్సాహమున్నను మించలేదు, బాధ కొంచెమున్నను మానలేదు. వారమునకొక నిమిషము చేర్చితిమి. నేడు నలువది నిమిషములు నడచుచున్నాము. నొప్పి పూర్తిగా పోలేదు. ఇప్పుడును ఈ వేదికమీద మాతోనే యున్నది. అయినను అది మమ్ము నడిపించుట మాని, మాతో నడచుచున్నది.

2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించిన మార్గదర్శకములును దీర్ఘకాలపు నడుమునొప్పికి రోగికి తెలివిడి కలిగించుటను, వ్యాయామమును ముందుంచినవి. నడుముపట్టీలను, వెన్ను లాగుటను సాధారణ చికిత్సగా వలదన్నవి.

ఇక నిత్యకృత్యములు. మగ్గముననైనను కుర్చీలోనైనను అరగంట కొకమారు లేచి నాలుగడుగులు వేయవలయును. తుంటికంటె మోకాళ్ళు కొంచెము క్రిందుగా నుండునట్లు పీటను గాని దిండును గాని ఎత్తు చేసికొనవలయును. బరువు నెత్తునప్పుడు మోకాళ్ళు వంచి, దానిని పొట్టకు దగ్గరగా పట్టవలయును. మోకాళ్ళ నొప్పి గల స్త్రీలు నేలమీది పొయ్యిని గట్టుమీదికి మార్చుకొనవలయును. మరుగుదొడ్డిలో ఎత్తైన ఆసనమును అమర్చుటకు సిగ్గుపడరాదు. దేహభారమును కొంత తగ్గించినను మోకాలికి గొప్ప మేలు. కుర్చీలో కూర్చుండి కాలు చాచి, ఒక శ్లోకపాదము పలుకునంతసేపు నిలిపి దించవలయును. ఒక్కొక్క కాలికి పదిమారులు. ఇందువలన తొడకండరము బలపడి మోకాలిని మోయును. నొప్పిమాత్రలను వైద్యుని అనుమతి లేక నిత్యము మ్రింగిన కడుపును మూత్రపిండములును చెడును.

కొన్ని చిహ్నములు మాత్రము ఓర్చుకొనదగినవి కావు. మలమూత్రములు వశము తప్పుట, మూత్రము బిగిసిపోవుట, తొడలసందున స్పర్శ పోవుట, కాలు సత్తువ తప్పుట కనబడిన ఆ పూటనే ఆసుపత్రికి పోవలయును. జ్వరముతో గాని, కారణములేక చిక్కిపోవుటతో గాని కూడిన నొప్పిని తడయక చూపించుకొనవలయును. వ్రేళ్ళకీళ్ళు వాచి, ఉదయమున గంటకుపైగా బిగుసుకొనిపోయినచో అది వట్టి అరుగుదల కాకపోవచ్చును. తొలిదశయందే తగిన ఔషధము మొదలిడిన కీళ్ళు వంకరపోకుండ కాపాడుకొనవచ్చును.

ఇన్ని చెప్పితిమి గాని, అన్నిటికంటె దుస్సహమైన దొకటి కలదు. అది నమ్మబడకపోవుట. గాయము కనబడును, జ్వరము కొలుచుటకు సాధనము కలదు. నొప్పికి సాక్షి నొప్పిపడువాడే. "కోడలికి పని తప్పించుకొను నడుమునొప్పి" అని నవ్వు అత్తగారును, "వయసైనది, మామూలే" అని తీసివేయు కొడుకును మన యిండ్ల కరవు కారు. మేమును అట్టి కొడుకులలో నొకరమే.

దాతలైన పెద్దలకు మా మనవి యిది. మన సంఘనిధిలో కొంత భాగమును గుంటమగ్గములను ఎత్తుమగ్గములుగా మార్చుకొనువారికి వడ్డీలేని అప్పుగా నిండు. చేతితోనే ఆసు పోయు స్త్రీలు ఇంకను ఏ యింట నున్నారో విచారించి, ఆ యింటికి యంత్రము చేర్చుడు. నెలకొకమారు ఒక ఫిజియోథెరపిస్టును మన వసతిగృహమునకు రప్పించుడు. వచ్చు మహాసభలో వృద్ధులకు వీపానిక గల కుర్చీలు వేయించుడు. ఈ నిధికి మొదటి చందాగా మా యొక నెల పింఛనును అధ్యక్షులవారికి ఇప్పుడే సమర్పించుచున్నాము.

ఆసుయంత్రము మా యూరికి వచ్చునప్పటికి మా తల్లిగారు లేరు. మేము చేయవలసిన క్షమాపణ మాతోనే నిలిచిపోయినది. మీ తల్లులు, మీ యిల్లాండ్రు మీ యిండ్ల నున్నారు. నేటి రాత్రి ఇంటికి చేరిన పిదప వారి చెంత కూర్చుండి, నొప్పి యెక్కడ అని యడుగుడు. వారు చెప్పుదాక లేవకుడు.

స్వస్తి.