పదుగురు కూడి ఒకే పత్రమున వ్రాయు విద్య
(లక్డీకాపూల్‌లో జరిగిన వార్షిక మహాసభ యందు చేసిన ఉపన్యాసము)



మన విద్యార్థివేతనముల పట్టికను ఇకమీదట గూగుల్ షీట్సులో నుంచవలెనని కార్యవర్గము తీర్మానించినది. నిరుడు ఒకే పట్టికకు నాలుగు ఫోనులలో నాలుగు ప్రతులుండెను. ఒక ప్రతిలో నున్న బాలిక పేరు మరియొకదానిలో లేదు. ఆ సంగతి బయటపడునప్పటికి కళాశాలకు రుసుము చెల్లించు గడువు దాటిపోయెను. అందరును ఒకే పత్రమును చూచుచు అందులోనే వ్రాయుట దీనికి మందు. మందు దొరకినది గాని త్రాగించుట యెట్లు?

ముప్పది యేండ్లకు పైగా పాఠములు చెప్పిన మాకు తోచినది చెప్పుదుము. పెద్దలు ఈ క్రొత్త సాధనమును ముట్టకుండుటకు కారణము తెలివిలేమి కాదు, భయము. ఏదో నొక్కుదుము, అంతయు చెరిగిపోవును, నలుగురిలో నగుబాటగును అను భయము. అది ఉపన్యాసములచే పోదు, ఆటలచే పోవును.

దృష్టాంతమునకు దూరము పోనక్కరలేదు. ఇచ్చటినుండి ఆబిడ్సునకు పోవునప్పుడు నాంపల్లి స్టేషను రోడ్డున గోల్డెన్ థ్రెషోల్డు భవనము కలదు. అది సరోజినీనాయుడుగారి పుట్టినింటివారి గృహము. 1905లో వెలువడిన ఆమె కవితాసంపుటి పేరే దానికి నిలిచినది. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయము మొదట అక్కడనే నడచెను. 2010 తరువాతి దశాబ్దమున తెలుగు వికీపీడియా రచయితలు పెక్కుమారులు ఆ భవనముననే సమావేశమైరి.

2003 డిసెంబరులో మొదలైన ఆ విజ్ఞానసర్వస్వమున ఎవరైనను వ్రాయవచ్చును, ఎవరైనను దిద్దవచ్చును. క్రొత్తవారికై ప్రయోగశాల యను పుట వేరుగా నున్నది; అందేమి వ్రాసినను హాని లేదు. ప్రతిపుటకును ‘చరిత్ర’ కలదు; ఎవరు ఎప్పుడేమి మార్చిరో అందు నిలిచియుండును, వెనుకటి రూపమును మరల తెచ్చుకొనవచ్చును. వారి పందెములును వినోదకరములే. ఒకదానిలో నూరు దినములు దినమునకొక వ్యాసము చొప్పున వ్రాయవలెను. ఒక్కనాడు తప్పెనా, లెక్క మరల ఒకటినుండియే. 2016లో ఆరంభించిన తెలుగు యువకుడొకడు 2019లో వేయి దినములు పూర్తిచేసెను! వికీసోర్సున ఒకరు తప్పులు దిద్దిన పుట పసుపురంగు పొందును. వేరొకరు సరిచూచినగాని ఆకుపచ్చ కాదు.

షీట్సులోను అట్టి చరిత్రయే కలదు గావున, గడచిన నాలుగు ఆదివారములు కార్యవర్గసభ్యులచే మేము దొంగాట ఆడించితిమి. ఆడినది కల్పిత పట్టికపైన. పిల్లల ఫోను నెంబర్లును, తలిదండ్రుల ఆదాయములును ఆటవస్తువులు కావు గదా. ఒకరు రహస్యముగా ఒక అంకె మార్చుదురు, లేదా ఒక వరుసనే తుడిచివేయుదురు. తక్కినవారు చరిత్ర తెరచి, దొంగను పట్టి, పోయినదానిని మరల నిలుపవలెను. ఒకే ఖాతాతో ముగ్గురు వ్రాసినచో దొంగ దొరకడు. ఎవరి ఖాతాతో వారే ప్రవేశింపవలెనను నియమము మేము చెప్పకయే వారికి బోధపడెను. మొదటినాడు ఫోను ఒడిలోనుంచుకొని కూర్చున్న పెద్దావిడయొకరు మూడవ ఆదివారము తామే దొంగగా నుందుమని పట్టుపట్టిరి.

మరియొకటి అంత్యాక్షరి. ఒకరు వ్రాసిన మాట కడపటి అక్షరముతో, ప్రక్కగడిలో వేరొకరు మాట వ్రాయవలెను. ఇరువురు ఒకే గడిలోనికి చొరబడినచో కడపట వ్రాసినదే నిలుచును. ఇచ్చట వంతు పాటింపవలెనని అందరును గ్రహించిరి.

గూగుల్ వారు 2017లో తెలుగునకు, నోటితో చెప్పి వ్రాయించు సౌకర్యము కల్పించిరి. దానితో ఆడిన ఆట మిక్కిలి నవ్వించినది. మేము దీర్ఘసమాసము పలికినకొలది యంత్రము తికమకపడెను. కూరగాయలవానితో మాటలాడునట్లు పలికినవారే గెలిచిరి. సంస్కృతము చదివినవారికిది కొంచెము కష్టమే.

పందెమున డబ్బు పెట్టుట మాకు సమ్మతము కాదు. వేగము గలవారే గెలుతురు, తక్కినవారు మరుసటి వారము రారు. పెద్దను పిన్నతో జతచేయుట మేలు. ఏ ఊర ఏ కుటుంబము ఎట్టి యిబ్బందిలో నున్నదో పెద్దకు తెలియును, ఏ మీట ఎక్కడనున్నదో పిన్నకు తెలియును. ఫోను మాత్రము పెద్దచేతనే యుండవలెను. పిన్న లాగికొనినచో జతకొక మార్కు తగ్గింపవలెను.

ఈ యేటి దరఖాస్తులలో మూడు జిల్లాలవి ఇంకను కాగితములపైననే యున్నవి. భోజనానంతరము ప్రక్కగదిలో జతలు కూర్చుండును. పోషకమహాశయులు కూడ విచ్చేసి, మొదట ఒక దొంగాట ఆడి, పిమ్మట తమ జిల్లా వరుసలను సరిచూడవలెనని మనవి. కన్నద్దములు మరువవలదు.