ఆయిల్‌లో తప్పు, ప్రోగ్రాంలో దిద్దుబాటు

ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో ఏర్పాటయిందో వారిని నాకన్నా మీరే బాగా ఎరుగుదురు. అందుకని వారి గుణగణాలు వల్లించే పని పెట్టుకోకుండా, వారు జీవితమంతా చేసిన పనికి ఈ ఊళ్లో ఉన్న చరిత్రను ఎంచుకున్నాను. ఆయిల్‌తోనూ గాలితోనూ కదిలే యంత్రాలకు ఆజ్ఞలిచ్చింది ఎవరు, ఆ ఆజ్ఞలు మార్చవలసి వచ్చినప్పుడు మనం ఏం చేస్తూ వచ్చాం అన్నదే ఆ చరిత్ర. చెప్పదలచింది దాచకుండా ముందే చెబుతాను. పీఎల్‌సీ, అంటే ప్రోగ్రాంతో నడిచే కంట్రోలరు, రాకముందు యంత్రాలు ఎందుకు చెడిపోయేవో ఇప్పటికీ చాలావరకు అందుకే చెడిపోతున్నాయి. మారిందల్లా, జబ్బు ఒకచోట ఉండగా మందు ఇంకోచోట వేయడం మనకు మరీ సులువైపోయింది.

ఒత్తిడి మీద ఉన్న ద్రవంతో బరువులెత్తే విద్య రేవుల్లోనే పెరిగింది. ఇంగ్లండులో ఆర్మ్‌స్ట్రాంగ్ 1846లో న్యూకాజిల్ రేవుగట్టు మీద నీటి ఒత్తిడితో క్రేను నడిపించాడు. అక్కడ కంట్రోలంటే ఒక లీవరు, దాని మీద మనిషి చెయ్యి. బరువు ఎక్కువైనా, వాల్వు బిగుసుకున్నా ఆ చేతికి ముందు తెలిసేది. 1933లో విశాఖ రేవు తెరుచుకున్న నాటికి ఇక్కడి పెద్ద సరుకు మధ్య పరగణాల మాంగనీసు రాయి. అరవైల్లో కొత్తవలస-కిరండూల్ రైలుమార్గం మీదుగా బైలదిల్లా ఇనుపరాయి దిగడం మొదలయ్యాక, ఆపైన 1976లో ఔటర్ హార్బరు వచ్చి పెద్ద ఓడలు గట్టుకు చేరాక, చేతి లీవర్లతో సాగే లెక్క కాదని తేలిపోయింది. వ్యాగన్‌ను పట్టి బోర్లించే టిప్లరు, దాని కింద బెల్టు, ఆ బెల్టు రాయి పోసే ఇంకో బెల్టు, చివర స్టాకరు. చివరి బెల్టు ముందు తిరగాలి, మొదటిది ఆఖరున తిరగాలి. వరస తప్పితే రాయి గుట్టపడి బెల్టు కూరుకుపోతుంది. టిప్లరు దగ్గరా అంతే. వ్యాగన్ తన చోట నిలవాలి, దాన్ని తోసిన చెయ్యి వెనక్కి రావాలి, క్లాంపులు పట్టుకోవాలి, అప్పుడే తిరగాలి. ఈ 'అయితేనే' అన్న మాటను కొన్నేళ్లపాటు రిలేలు మోశాయి.

రిలే పానెల్‌ను ఇవాళ వెక్కిరించడం తేలిక. బీరువా అంత పెట్టె, లోపల వైర్ల అడవి, సముద్రపు ఉప్పుగాలికి పచ్చబడే కాంటాక్టులు. కానీ దానిలో ఒక సుగుణం ఉండేది. తలుపు తీస్తే తర్కం కంటికి కనిపించేది, టిక్కుమని చెవికి వినిపించేది. ఒక షరతు మార్చాలంటే వైరు లాగాలి, చివరకు లగ్ బిగించాలి, నంబరు ఫెర్రూల్ తొడగాలి. పూట పని. పూట పడుతుంది కనుక మార్చే ముందు మనిషి రెండుసార్లు ఆలోచించేవాడు. మార్చాక డ్రాయింగు మీద ఎర్ర పెన్సిలుతో గీసి, మడిచి తలుపు లోపలి జేబులో పెట్టేవాడు. అందరూ అలా చేశారని అనను. చేయనివాడి పని మాత్రం దాగేది కాదు. రంగు కలవని వైరు ముక్కే వాణ్ణి పట్టిచ్చేది.

1968లో అమెరికాలో జనరల్ మోటార్స్ వారి హైడ్రామాటిక్ విభాగం ఈ రిలేల బెడద వదిలించుకోవాలనుకుంది. ఆ విభాగం తయారు చేసేవి ఆటోమేటిక్ గేరుపెట్టెలు, అంటే ఆయిల్ ఒత్తిడితో పనిచేసేవే. డిక్ మోర్లీ బృందం 1969లో ఇచ్చిన జవాబు మోడికాన్ 084 అనే పీఎల్‌సీ. బెడ్‌ఫర్డ్ అసోసియేట్స్ అనే చిన్న సంస్థకు అది 84వ ప్రాజెక్టు కాబట్టి ఆ అంకె. మనకు ముఖ్యమైన సంగతి దాని భాష. కంప్యూటరు వాళ్ల భాష పెట్టకుండా, ఎలక్ట్రీషియన్లకు అలవాటైన రిలే డ్రాయింగు రూపాన్నే తెర మీదికి తెచ్చి నిచ్చెన, అంటే లాడర్ అన్నారు. పానెల్ ముందు నిలబడే మనిషే దాన్ని చదువుకోవాలన్నది అసలు ఉద్దేశం. ఆ పెట్టె పుట్టిందే చదవడానికి. దిద్దడం సులువు కావడం దానికి కలిసొచ్చిన రెండో గుణం. మనం రెండోదాన్ని నెత్తికెత్తుకుని మొదటిదాన్ని వదిలేశాం.

మన విశాఖ ఉక్కు కర్మాగారం ఈ మార్పు అయ్యాక పుట్టింది. 1971 జనవరిలో శంకుస్థాపన, 1990లో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు గోదావరి, 1992లో జాతికి అంకితం. మొదట 3,200 ఘనపు మీటర్లతో కట్టిన ఆ ఫర్నేసు మీద పాతకాలపు గంటలు లేవు, బెల్‌లెస్ టాప్ ఉంది. దాని పని తీరు చూస్తే ఇంటర్‌లాక్ అంటే ఏమిటో తెలుస్తుంది. ఫర్నేసు పైన హాపరు, దానికి పైనొక సీల్ వాల్వు, కిందొక సీల్ వాల్వు. సరుకు దిగేటప్పుడు పైది తెరుచుకుంటుంది, కిందిది మూసి ఉంటుంది. తర్వాత పైది మూసి, హాపరు లోపలి ఒత్తిడిని ఫర్నేసు ఒత్తిడితో సమం చేసి, అప్పుడు కిందిది తెరవాలి. రెండూ ఏ క్షణంలోనూ ఒకేసారి తెరుచుకోకూడదు. తెరుచుకుంటే పైకి తన్నేది ఫర్నేసు గ్యాసు. అందులో ఐదోవంతుకు తగ్గకుండా కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, వాసన ఉండదు. ఇంత భారమూ ఆనేది పిడికిలంత లిమిట్ స్విచ్ మీద. దాని చుట్టూ దుమ్ము, వేడి. వాల్వు మూసుకున్నా స్విచ్ 'మూసుకుంది' అని చెప్పకపోతే చార్జింగు ఆగిపోతుంది. అప్పుడు ల్యాప్‌టాప్ ముందున్న మనిషికి రెండు దారులు. పైకెక్కి స్విచ్ చూడవచ్చు, లేదా కుర్చీలోంచి కదలకుండా ఆ ఇన్‌పుట్‌ను ఫోర్స్ చేయవచ్చు. ఫోర్స్ చేశాక వాల్వు నిజంగా తెరిచి ఉన్నా ప్రోగ్రాముకు అది మూసే ఉంటుంది, ఎవరో గుర్తుపెట్టుకుని తీసేదాకా.

అంత ప్రమాదం లేని చోట జరిగేది ఇంకా నెమ్మదైన మోసం. ఒక క్లాంపు సిలిండరు 3 సెకన్లలో పట్టుకోవాలి, 4 దాటితే ఆపెయ్యమని ప్రోగ్రాంలో టైమరు ఉందనుకుందాం. ఒకనాడు ట్రిప్ అవుతుంది. చూస్తే 4.2 సెకన్లు. టైమరును 6 చేస్తారు, లైను నడుస్తుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. సిలిండరు ఎందుకు నెమ్మదించిందని అడిగినవారుండరు. పంపు లోపల అరిగి ఆయిల్ సందుల్లోంచి వెనక్కి జారుతోంది. అలా జారే ఆయిల్ వేడెక్కుతుంది, వేడెక్కితే పలచనవుతుంది, పలచనైతే ఇంకా జారుతుంది. ఆ వేడికి సీళ్లు గట్టిపడి పెళుసెక్కుతాయి. పిస్టన్ పంపు కేస్ డ్రెయిన్ పైపు విప్పి, నిమిషానికి ఎంత ఆయిల్ వస్తోందో డబ్బాలో పట్టి కొలిస్తే ఈ కథంతా ఆ డబ్బాలోనే కనిపిస్తుంది. టైమరు పెంచడమంటే తూనికరాయిని అరగదీసి బస్తా బరువు సరిపెట్టడమే. 4 సెకన్ల టైమరు ఇబ్బంది పెట్టడానికి పెట్టింది కాదు, యంత్రం ఒంట్లో బాగాలేదని చెప్పగలిగిన ఒకే ఒక్క నోరు అది.

గాలితో నడిచే యంత్రాల్లో ఈ ఊరికి ప్రత్యేకమైన జబ్బు తేమ. 30 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి సుమారు 30 గ్రాముల ఆవిరిని మాత్రమే మోయగలదు. తేమ 80 శాతం ఉన్న రోజున 8 ఘనపు మీటర్ల గాలిని ఒక ఘనపు మీటరుకు కుదించి, మళ్లీ 30 డిగ్రీలకు చల్లార్చామంటే, లోనికి తీసుకున్న 190 గ్రాముల పైచిలుకు నీటిలో 160 గ్రాములకు పైగా ద్రవమై పడుతుంది. డ్రైయరు, డ్రెయిన్లు సరిగా లేకపోతే ఆ నీరు పైపుల్లో తుప్పును కడుక్కుంటూ వెళ్లి సొలినాయిడ్ వాల్వు స్పూలు దగ్గర చేరుతుంది. వాల్వు ఒకసారి పలుకుతుంది, ఒకసారి పలకదు. తెర మీద అన్నీ పచ్చగానే ఉంటాయి. 'ప్రోగ్రాం అప్పుడప్పుడు హ్యాంగ్ అవుతోందండీ' అన్న ఫిర్యాదు ఇలాంటి చోటే పుడుతుంది. ప్రోగ్రాము అదే ఇన్‌పుట్‌కు అదే ఔట్‌పుట్ ఇస్తుంది. అప్పుడప్పుడు మాత్రమే వచ్చే తప్పు చాలావరకు తేమలోనో, వదులైన టెర్మినల్‌లోనో, కదిలిపోయిన ప్రాక్సిమిటీ స్విచ్‌లోనో ఉంటుంది.

మెకానికల్ వారు ఎలక్ట్రికల్ తప్పనీ, ఎలక్ట్రికల్ వారు మెకానికల్ తప్పనీ అనుకునే ఆ పాత తగాదాను తీర్చే సాధనం వాల్వు మీదే ఉంది. సొలినాయిడ్ చివర చిన్న పిన్ను, మాన్యువల్ ఓవర్‌రైడ్. సిలిండరు దారిలో మనిషి లేడని చూసుకుని ఆ పిన్ను నొక్కాలి. కదిలితే ఆయిల్ వైపు సరే, తప్పు కరెంటు వైపు. కదలకపోతే కార్డు మార్చినా ప్రోగ్రాం తిరగరాసినా ఉపయోగం లేదు. ప్లగ్ మీద వెలిగే ఎర్ర దీపాన్ని నమ్మి చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. ఆ దీపం 24 వోల్టులు వచ్చాయని చెబుతుంది గానీ లోపల స్పూలు కదిలిందని చెప్పదు. చేతులు పెట్టేవారికి ఇంకో మాట కూడా. పంపు ఆపినంత మాత్రాన ఒత్తిడి పోదు, అక్యుములేటరులో దాక్కుని ఉంటుంది.

దీనికి మీలో చాలామంది చెప్పగల అభ్యంతరాలు నాకు తెలుసు. మొదటిది బలమైనది. రాత్రి రెండు గంటలకు క్యాస్టరు ఆగితే, లాడిల్‌లో ఉక్కు చల్లారుతుంటే, కేస్ డ్రెయిన్ కొలుస్తూ కూర్చోమంటారా అని. కూర్చోమనను. ప్రాణరక్షణ ఇంటర్‌లాక్ కానప్పుడు ఆ పూటకు టైమరు పెంచండి. పెంచామని, పాత అంకె ఇదని, ఎప్పటిలోగా తిరిగి పెట్టాలని లాగ్ బుక్కులో ఒక్క వాక్యం రాయండి. తాత్కాలికం అన్న మాట ఎంత దూరం తీసుకెళ్తుందో 1974లో ఇంగ్లండులోని ఫ్లిక్స్‌బరో రసాయన కర్మాగారం చూపించింది. ఒక రియాక్టరును తీసేసి, దాని స్థానంలో రెండు పక్కల రియాక్టర్లనూ కలుపుతూ తాత్కాలికంగా పైపు వేశారు. దానికి ఉన్న డ్రాయింగు వర్క్‌షాపు నేల మీద సుద్దముక్కతో గీసినదొక్కటే. రెండు నెలలు నడిచింది. జూన్ 1న పేలి 28 మంది చనిపోయారు. అక్కడ ప్రోగ్రాము లేదు, ఇనుప పైపు ఉంది, అది దారిన పోయేవారికి కూడా కనిపించేది. మన ఫోర్స్ చేసిన బిట్టు కనిపించను కూడా కనిపించదు.

ఇప్పటి వాల్వులు తమ స్పూలు ఎక్కడుందో తామే చెబుతున్నాయి కదా, ఈ బాధలు పాతబడలేదా అన్నది రెండో అభ్యంతరం. సాక్షుల సంఖ్య పెరిగిందన్నది నిజమే, సంతోషించవలసిందే. కానీ సాక్షి నోట మాట మార్పించవచ్చని 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ అనే కంప్యూటర్ వార్మ్ లోకానికి చూపింది. అది కంట్రోలర్లలోని ప్రోగ్రామును మార్చి, ఆపరేటరుకు మాత్రం అంతా మామూలుగా ఉన్నట్టు అంకెలు చూపించింది. శత్రువు కావాలని చేసిన ఆ పనిని మనం షిఫ్టు గడవడానికి చేస్తున్నాం. యంత్రం అమ్మినవారు పాస్‌వర్డు వేసి పోయారు, మేమేం చదువుతాం అన్నది మూడోది. దీనికి నా దగ్గర జవాబు లేదు, కోపం ఉంది. టెండరు రాసేనాడే ప్రోగ్రాము మూలప్రతి, వ్యాఖ్యలతో సహా, మా చేతికివ్వాలని ఒక వాక్యం రాయనివారు ఇరవై ఏళ్ల తర్వాత వచ్చే మరమ్మతును ఆనాడే అమ్మేశారు.

1990లో గోదావరి వెలిగినప్పుడు పాతికేళ్ల వయసుతో పనిలో చేరినవారికి ఇప్పుడు అరవై దాటింది. ఏ టైమరు మొదట ఎంత ఉండేదో, ఎందుకు ఉండేదో తెలిసిన చాలామంది పెన్షను పుస్తకాలతో ఇళ్లకు చేరారు, కొందరు ఈ హాల్లోనే ముందు వరసల్లో ఉన్నారు. రేపు డ్యూటీకి వెళ్లినప్పుడు కుర్రవాళ్లు ఒకసారి తమ పానెల్ తలుపు తీసి లోపలి జేబులో చెయ్యి పెట్టి చూడాలి. డ్రాయింగు ఉంటే దాని మీది తేదీ చదవాలి. తర్వాత కంట్రోలర్‌లో నడుస్తున్న ప్రోగ్రామును దానితో పోల్చి, ఎక్కడెక్కడ తేడా ఉందో ఒక కాగితం మీద రాసుకుని, ఆ కాగితం పట్టుకుని ఈ ముందు వరసల్లోని వారి ఇళ్లకు వెళ్లాలి.